మెమో చూసి తీర్పు చెప్పకండి

“ఇంటర్‌లో ఐదొందలు దాటనోడు లాయరేటవుతాడు?”

లా ప్రవేశ పరీక్ష లాసెట్ ఫలితాలు వచ్చిన ప్రతి ఏడూ మా ఉద్దానంలో, కవిటి, కంచిలి, సోంపేట వైపు, ఈ మాట వినబడుతూనే ఉంటుంది. అనేది గిట్టనివాళ్లు కాదు. పిల్లవాడి మేలు కోరే మేనమామ అంటాడు. ఇంటర్‌లో పాఠం చెప్పిన మాస్టారు అంటారు. టెక్కలి కోర్టులో ముప్పయ్యేళ్లు నల్లకోటు వేసుకున్న పెద్దాయనా అంటారు. మంచి ర్యాంకు తెచ్చుకున్న కుర్రాడు ర్యాంకు కార్డు జేబులో పెట్టుకుని తలొంచుకుంటాడు. కౌన్సెలింగుకు వెళ్లాల్సినవాడు చెన్నైకో, ముంబయికో పనికోసం రైలెక్కుతాడు. ఆడపిల్లయితే ఆ మాట సంబంధాలు వెతకడానికి ముహూర్తంలా పనికొస్తుంది.

ఈ మాట తప్పు. మార్కులు తక్కువ వచ్చి, ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకు తెచ్చుకున్న పిల్లలకు లా చదివే హక్కు పూర్తిగా ఉంది. వాళ్లు దరఖాస్తు పెట్టాలి, సీటు తీసుకోవాలి, చదవాలి. వాళ్లను ఆపేవాళ్లు తెలిసో తెలియకో ఈ ప్రాంతానికే అన్యాయం చేస్తున్నారు.

ముందు నిబంధన సంగతి. ఆ మాట అనేవాళ్లలో చాలామందికి అది తెలియదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో చేసిన న్యాయవిద్యా నిబంధనల ప్రకారం అయిదేళ్ల లా కోర్సుకు ఇంటర్‌లో 45 శాతం ఉండాలి, ఎస్సీ ఎస్టీలకు 40 చాలు. మన లాసెట్‌లో బీసీలకు 42. అంటే వెయ్యికి 450, 420, 400. ఆ గీత దాటాక మెమో పని అయిపోయింది. ర్యాంకు కట్టేది లాసెట్ మార్కులతోనే. 90 నిమిషాల్లో 120 ప్రశ్నలు: సామాన్య జ్ఞానం, తర్కం 30, వర్తమాన వ్యవహారాలు 30, మిగిలిన 60 లా చదువుకు తగిన బుద్ధి ఉందో లేదో చూసేవి. ఇంజినీరింగ్ ప్రవేశాల్లో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఇచ్చే పద్ధతి మనవాళ్లకు ఎంత అలవాటైపోయిందంటే, లాలో కూడా అలాగే ఉంటుందనుకుంటారు. లేదు. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల కోసం రాసే క్లాట్‌లోనూ లేదు. విశాఖ దగ్గర సబ్బవరంలో దామోదరం సంజీవయ్య పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయం ఉంది, హైదరాబాద్‌లో నల్సార్ ఉంది. అక్కడ అయిదేళ్ల కోర్సులో చేరినవాళ్ల ఇంటర్ మార్కులు అర్హత చూడటానికే తప్ప వరస కట్టడానికి వాడరు.

కాబట్టి 460 వచ్చినవాడికీ 960 వచ్చినవాడికీ లాసెట్ గుమ్మం ముందు తేడా లేదు. ఇది ఎవరో దయతో ఇచ్చిన సడలింపు కాదు, అందరికీ ఒకే చట్టం.

ఇక్కడ తెలిసినవాళ్లు ఇంకో మాట అంటారు. “నిబంధన అలా ఉంటే ఉండొచ్చు గానీ, మార్కులంటే రెండేళ్ల కష్టం. ఎంట్రన్సంటే ఒక్కపూట అదృష్టం. రెండేళ్లు కుదురుగా కూర్చోలేనివాడు ఫైళ్ల ముందు కూర్చుంటాడా?” ఎదుటివాళ్ల వాదనల్లో అన్నిటికంటే బరువున్నది ఇదే. అందుకే దీని దగ్గర కాస్త ఆగుతాను.

రెండేళ్ల కష్టమంటున్నారు. ఎవరి కష్టం? ఉద్దానంలో ఇంటర్ చదివే కుర్రాడి రెండేళ్లలో ఏముంటుందో చూడండి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు లేని వీధి వెతుక్కోవాలి. కారణం ఇదీ అని తేల్చని జబ్బు అది. డయాలసిస్ మీద ఉన్న మనిషిని వారానికి రెండు మూడు సార్లు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మిషను మీద నాలుగు గంటలు. వెళ్లడం, రావడం కలిపితే పగలంతా పోయినట్టే. తల్లి జీడిపప్పు కార్ఖానాకో, కూలికో పోకపోతే పూట గడవదు. మరి నాన్నతో వెళ్లేదెవరు? ఇంట్లో పెద్ద పిల్లాడు. డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను వస్తోంది, పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి, హిరమండలం నుంచి పైపుల్లో నీళ్లు తెచ్చారు. ఇవన్నీ అవసరమైనవే. కానీ వీటిలో ఏదీ ఆ పిల్లవాడు క్లాసులో పోగొట్టుకున్న రోజులను వెనక్కి తీసుకురాలేదు. అతని మెమోలో ఆ రోజులు ఖాళీగా కనబడతాయి. మెమో చూసేవాడికి అది బద్ధకంలా అనిపిస్తుంది.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర్లో తీరం దాటింది. ఒక్క రాత్రిలో కొబ్బరితోటలు పడిపోయాయి, జీడిమామిడి, పనస చెట్లు వేళ్లతో లేచిపోయాయి. కొత్తగా నాటిన కొబ్బరి కాపుకు రావాలంటే ఐదారేళ్లు పడుతుంది. అంటే ఆనాడు ఆరో తరగతిలో ఉన్న పిల్ల ఇంటర్‌కు వచ్చేదాకా ఆ ఇంటికి తోట మీద ఆదాయం సరిగా లేదు. ఫీజులు, పుస్తకాలు, బస్సు పాసు అన్నీ అప్పు మీదే. ఆ పిల్ల మార్కుల్ని విశాఖలోనో విజయవాడలోనో హాస్టల్లో ఉండి పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లలో కూర్చున్న పిల్ల మార్కుల పక్కన పెట్టి, ఇదీ కష్టం, అదీ కష్టం, ఎక్కువ మార్కులు వచ్చినమ్మాయే ఎక్కువ కష్టపడిందని తేల్చడం న్యాయమా?

భాష సంగతి ఇంకొకటి. ఒడిశా సరిహద్దున ఉన్నవాళ్లం. మా దగ్గర కొన్ని ఇళ్లలో అమ్మ ఒడియా మాట్లాడుతుంది, బడిలో తెలుగు, ఇంటర్‌కొచ్చేసరికి పుస్తకం ఇంగ్లీషు. మూడు భాషలు నేర్చిన బుర్ర అది. పరీక్షలో ఎనిమిది మార్కుల ప్రశ్నకు పుస్తకంలో ఉన్న ఇంగ్లీషు వాక్యాలు పుస్తకంలో ఉన్నట్టే రాయాలి. ఇంపార్టెంటు ప్రశ్నలు ఏరి, వాటి జవాబులు ముక్కున పట్టి, గడియారం చూసి దించేవాళ్లకు అక్కడ మార్కులు. అది ఒక రకమైన శక్తి, కాదనను. కానీ లాయరు చేసే పనికి దానితో సంబంధం తక్కువ. ఎప్పుడూ చూడని దస్తావేజు చేతికిస్తే చదివి, అందులో ఏ మాట ఎవరి మీద పడుతుందో పట్టుకోవడం లాయరు పని. ఎదుటివాడి వాదనలో మెలిక ఎక్కడుందో కనిపెట్టడం లాయరు పని. ఈ రెండింటినీ కొద్దో గొప్పో తూచేది ప్రవేశ పరీక్షే. ఇంటర్ పరీక్ష వాటి జోలికే వెళ్లదు. పలాసలో జీడి వ్యాపారి బస్తా బరువొక్కటే చూసి ధర చెప్పడు. గుప్పెడు పిక్కలు కోసి లోపల పప్పెంత ఉందో చూస్తాడు. ఎంట్రన్స్ ఆ కోత లాంటిది.

అదృష్టం మాటకు లెక్కే జవాబు. లాసెట్‌లో ఒక్కో ప్రశ్నకు నాలుగు ఐచ్ఛికాలు, తప్పుకు మార్కు కోత లేదు. ప్రశ్న చదవకుండా 120కి గుర్తులు పెట్టుకుంటూ పోతే సగటున 30 వస్తాయి. అర్హత మార్కు 35 శాతం, అంటే 42. గుడ్డిగా రాసినవాళ్లలో నూటికి ఒకరు ఆ 42 చేరడమే కష్టం. ఇక మంచి కాలేజీలో సీటు తెచ్చే ర్యాంకు ఎవరికైనా అదృష్టంతో వచ్చిందంటే నమ్మడానికి లేదు. క్లాట్‌లో ఇది ఇంకా స్పష్టం. అక్కడ తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది, 120కి గుడ్డిగా రాస్తే సగటున ఏడెనిమిది మార్కులు మిగులుతాయి. ప్రశ్నలు కూడా పెద్ద పెద్ద పేరాల మీద వేస్తారు. చదివి అర్థం చేసుకోలేనివాడికి ఆ పరీక్షలో నిలబడే దారే లేదు.

పరీక్షను నెత్తిన పెట్టుకోమని నేను చెప్పడం లేదు. 2024 డిసెంబర్ 1న జరిగిన క్లాట్‌లో కొన్ని జవాబులు తప్పని అభ్యర్థులు కోర్టుకెక్కారు. ఢిల్లీ హైకోర్టు, తర్వాత సుప్రీంకోర్టు కలగజేసుకుని సరిచేయాల్సి వచ్చింది. పరీక్షలు తప్పు చేస్తాయి. కానీ అక్కడ తప్పును పట్టుకోగలిగారంటే కారణం ప్రశ్న, జవాబు రెండూ బయట ఉండటం. మెమో వెనక ఉన్న తప్పు ఎవరికి కనబడుతుంది? 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా వేశారు. మళ్లీ చూస్తే 99. ఆ ఫలితాల తర్వాత పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తప్పినవాళ్లందరి జవాబు పత్రాలూ ప్రభుత్వం మళ్లీ పరిశీలింపజేస్తే వెయ్యిమందికి పైగా పాసయ్యారు. సున్నా చూసి ఆ అమ్మాయిని తెలుగు రానిదని ముద్ర వేసినవాళ్లు 99 చూశాక ఏమన్నారో గానీ, మధ్యలో ఆ ఇంట్లో గడిచిన రోజులు ఎవరు తిరిగిస్తారు?

ఇంకా దగ్గరి సంగతి ఉంది. 2021లో కోవిడ్ వల్ల ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్ రెండో ఏడాది పరీక్షలే జరగలేదు. పదో తరగతిలో బాగా వచ్చిన మూడు సబ్జెక్టుల మార్కులకు 30 శాతం, ఇంటర్ మొదటి ఏడాది మార్కులకు 70 శాతం విలువ కట్టి మెమోలు ఇచ్చారు. ఆ ఏడు చదివిన పిల్లల మెమోలో రెండో ఏడాది మార్కు వాళ్లు రాసిన పరీక్షది కాదు, రెండేళ్ల వెనకటి లెక్కది. మొదటి ఏడాదిలో ఇంట్లో చావో, జబ్బో ఉండి వెనకబడినవాడు రెండో ఏడాది పుంజుకున్నా చూపించుకునే అవకాశమే రాలేదు. ఆ పిల్లలు ఇప్పుడు డిగ్రీ పూర్తి చేసి మూడేళ్ల లాకు దరఖాస్తులు పెడుతున్నారు. వాళ్ల ఇంటర్ మెమో తీసి, ‘నువ్వు అప్పుడే ఇంత’ అనే మాస్టార్లను నేను చూశాను.

మార్కులే బుద్ధికి కొలత అనేవాళ్లు చరిత్రలోకి వెళ్తే ఇబ్బంది పడతారు. 1887లో మెట్రిక్యులేషన్‌లో గాంధీకి వచ్చినవి 625కి 247.5. అంటే 39.6 శాతం. ఆ తర్వాత లండన్‌లో మెట్రిక్యులేషన్ రాస్తే మొదటిసారి లాటిన్‌లో తప్పారు, రెండోసారికి నెగ్గి బారిస్టరయ్యారు. 1907లో అంబేడ్కర్‌కు మెట్రిక్యులేషన్‌లో 750కి 282, అంటే 37.6 శాతం. ఆ శాతాలనే ఈనాటి ఇంటర్ గీత పక్కన పెడితే ఇద్దరూ దరఖాస్తు దగ్గరే ఆగిపోతారు. ఆ రోజుల్లో మార్కులు పిసినారితనంగా వేసేవారు, 40 శాతమంటే ఇప్పటి 80తో సమానం అని మీరంటారు. నిజమే, ఒప్పుకుంటాను. అయితే మార్కు విలువ దాన్ని వేసే కాలాన్ని, చోటును, పద్ధతిని బట్టి మారుతుందని మీరే ఒప్పుకున్నట్టు. 1907 బొంబాయికీ నేటి విశాఖకూ కొలబద్ద వేరయితే, ఈనాటి విశాఖ కార్పొరేట్ కాలేజీకీ ఉద్దానం ప్రభుత్వ జూనియర్ కాలేజీకీ ఒకటే కొలబద్ద ఎలా అవుతుంది?

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ల పిల్లలకు ఈ తగువు ఇంకో రూపంలో తెలుసు. అక్కడ లా చదువు డిగ్రీ తర్వాత మొదలవుతుంది. డిగ్రీ గ్రేడ్ల సగటు, 120 నుంచి 180 మధ్య వచ్చే ఎల్‌శాట్ స్కోరు, రెండూ చూస్తారు. గ్రేడ్లు తక్కువ, ఎల్‌శాట్ ఎక్కువ ఉన్నవాళ్లను స్ప్లిటర్లు అంటారు, అలాంటివాళ్లను ఏటా కాలేజీలు చేర్చుకుంటూనే ఉన్నాయి. గ్రేడ్లు ఎందుకు పడిపోయాయో విడిగా ఒక పేజీ రాసి జతచేసే వీలుంది. ఎల్‌శాట్ నడిపే సంస్థ తన అధ్యయనాల ఆధారంగా ఏళ్లుగా చెబుతున్నది ఒకటే: లా మొదటి ఏడాదిలో ఎలా చదువుతారన్నది డిగ్రీ గ్రేడ్ల కంటే ఎల్‌శాట్ మెరుగ్గా పసిగడుతుంది, రెండూ కలిపితే ఇంకా మెరుగు. తన పరీక్షను తానే మెచ్చుకుంటోందని మీరు అనొచ్చు, ఆ జాగ్రత్త ఉండాల్సిందే. అయినా ఆ మాటలో ‘రెండూ కలిపితే’ అన్న భాగాన్ని వాళ్లు దాచలేదు. మన దగ్గర ఆ కలపడం లేదు, కారణం చెప్పుకునే పేజీ కూడా లేదు. ర్యాంకు మాత్రమే ఉంది. అలాంటప్పుడు కుర్రాడు తెచ్చుకున్న ఆ ఒక్క ర్యాంకును కూడా ఇంట్లోవాళ్లే కొట్టేస్తే అతనికి ఇంకేం మిగులుతుంది?

“కోచింగు తీసుకున్నాడు, ర్యాంకొచ్చింది, అందులో గొప్పేముంది” అనేవాళ్లున్నారు. కోచింగు డబ్బు ఎక్కడ ఎక్కువ పనిచేస్తుందో చూడండి. ఇంటర్ మార్కుల మీదే రాష్ట్రంలో పెద్ద వ్యాపారం నడుస్తోంది. దాని పక్కన లాసెట్ కోచింగు ఎంత? ఆ పరీక్షకు ఉద్దానంలో పిల్లలు చదివేది రోజూ పేపరు, రాజ్యాంగం మీద ఒక పుస్తకం, పాత ప్రశ్నపత్రాలు. ఆసుపత్రి వరండాలో నాలుగు గంటలు కూర్చునే కుర్రాడు కూడా పేపరు మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదవగలడు. పరీక్ష తెలుగులోనూ ఉంటుంది. దరఖాస్తు రుసుము వెయ్యి రూపాయల లోపే.

క్లాట్ దగ్గర మాత్రం ఎదుటివాళ్లతో నేను సగం ఏకీభవిస్తాను. అది ఇంగ్లీషులోనే జరుగుతుంది, సామాన్య అభ్యర్థికి దరఖాస్తు రుసుమే 4,000 రూపాయలు, నగరాల్లో కోచింగు ఖరీదు పల్లె ఇంటికి అందదు. ఈ గోడ ఎంత ఎత్తో గుర్తించే షమ్నాద్ బషీర్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు 2010లో ఐడియా అనే సంస్థ పెట్టి, పేద పిల్లలకు క్లాట్ శిక్షణ ఇప్పించే పని మొదలుపెట్టారు. 2019లో ఆయన పోయినా ఆ పని సాగుతోంది. క్లాట్ అన్యాయంగా ఉందంటే చేయాల్సింది దాన్ని తెలుగులోనూ రాసే వీలు కల్పించమని, రుసుము తగ్గించమని అడగడం. బార్ కౌన్సిల్ తానే నడిపే ఆలిండియా బార్ పరీక్ష తెలుగులో రాయవచ్చు. లాయరుగా పనిచేయడానికి రాసే పరీక్షకు పనికొచ్చిన తెలుగు, లా కాలేజీలో చేరడానికి రాసే పరీక్షకు ఎందుకు పనికిరాదో ఎవరూ నాకు చెప్పలేకపోయారు. అంతేగానీ పరీక్ష అన్యాయం కాబట్టి మెమోతో పిల్లవాణ్ని కొలుస్తామంటే, చిన్న అన్యాయం నుంచి తప్పించి పెద్ద అన్యాయంలో పడేసినట్టే.

సరే, సీటొచ్చింది, చేరాడు. “కాలేజీలో మునిగిపోతాడు, పాత మార్కులు జీవితాంతం వెంటాడతాయి.” ఇది చివరి బెదిరింపు. ఎక్కడ వెంటాడతాయి? లా పూర్తయ్యాక ఎన్‌రోల్‌మెంటుకు ఇంటర్ మార్కులు కొలత కావు. 2024 జులై 30న సుప్రీంకోర్టు ఆ ఎన్‌రోల్‌మెంటు రుసుము కూడా 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలు దాటకూడదని తేల్చింది. అంతకుముందు రాష్ట్రాల బార్ కౌన్సిళ్లు వేలల్లో వసూలు చేసేవి. ఆ తర్వాత బార్ పరీక్ష. ఆ పరీక్ష పెట్టే అధికారం బార్ కౌన్సిల్‌కు ఉందని 2023 ఫిబ్రవరిలో రాజ్యాంగ ధర్మాసనం ఒప్పుకుంది. డిగ్రీ మార్కులు ఎన్ని ఉన్నా ఇది నెగ్గాల్సిందే అని దాని అర్థం. జూనియర్ సివిల్ జడ్జి కావాలంటే 2025 మే నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలి, ఆపైన రాత పరీక్ష, ఇంటర్వ్యూ. ఈ మెట్లలో దేన్నీ ఇంటర్ మార్కుల ఎక్కువ తక్కువలు తేల్చవు. పెద్ద నగరాల్లో లా సంస్థలు ఉద్యోగాలిచ్చేటప్పుడు ముఖ్యంగా చూసే గ్రేడ్లు కూడా లా కాలేజీవి, ఇంటర్‌వి కావు. అక్కడ అందరూ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేవాళ్లే.

లా కాలేజీలో కష్టపడకుండా గట్టెక్కవచ్చని మాత్రం ఎవరూ అనుకోకూడదు. ఉద్దానం నుంచి వెళ్లే పిల్లలకు మొదటి సెమిస్టరులో ఇంగ్లీషు తీర్పులు చదవడం బరువుగానే ఉంటుంది. తోడు కావాలి, సీనియర్లు కావాలి, ఇంటి నుంచి నెలనెలా డబ్బు కాకపోయినా మాట సాయం కావాలి. ఆ మాట సాయం ఇవ్వాల్సినవాళ్లే ముందుగా ‘నీవల్ల కాదు’ అంటుంటే, కుర్రాడు నిజంగానే మునిగితే దానికి కారణం మార్కులని మళ్లీ వాళ్లే చెబుతారు.

ఇదే నోళ్లు ఇంకో మాట కూడా అంటాయి: ఏదీ దొరకనివాళ్లు చదివేది లా అని. రెండు మాటలూ ఒకచోట పెట్టి చూడండి. లా అంత చులకనదైతే ఈ కుర్రాడు చదివితే వచ్చే నష్టమేమిటి? అంత గొప్పదైతే దానికి పెట్టిన పరీక్షలో గెలిచినవాణ్ని ఎందుకు ఆపుతారు? రెండు మాటల మధ్య ఆ పిల్లవాడికి నిలబడే చోటు లేకుండా చేస్తున్నారు.

లా చులకనదో కాదో ఉద్దానానికి చెప్పనక్కర్లేదు. 2010 జులై 14న సోంపేట బీల అనే చిత్తడి నేలలో 2,640 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రానికి ఎదురు నిలిచిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. మనుషులు చనిపోయారు. సరిగ్గా అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ ఆ ప్రాజెక్టుకిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. బీల ఒడ్డున రైతులు, మత్స్యకారులు ఒళ్లు అడ్డుపెట్టి చేసిన పోరాటం ఒకవైపు, ఆ నేల బంజరు కాదు నీటి నేల అని కాగితాల మీద వాదించిన పోరాటం ఇంకోవైపు. రెండూ కలిస్తేనే బీల మిగిలింది. మరుసటి ఏడాది 2011 ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో మళ్లీ థర్మల్ కేంద్రం, మళ్లీ కాల్పులు, ఇద్దరి మరణం. 2023 ఏప్రిల్‌లో మూలపేట పోర్టుకు శంకుస్థాపన జరిగింది. పలాస వైపు విమానాశ్రయానికి భూముల మాట నడుస్తోంది. ప్రతిచోటా ముందు వచ్చేది నోటీసు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం అభ్యంతరం చెప్పడానికి గడువుంటుంది. సామాజిక ప్రభావ అధ్యయనం ఉంటుంది. పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ ఉంటుంది. కాగితం చదివి ఈ గడువు ఎప్పుడు ముగుస్తుందో, ఏ సెక్షను కింద ఏం అడగాలో చెప్పేవాళ్లు ఊళ్లో ఉండాలి. ఎక్కువ మార్కులు వచ్చిన మా పిల్లలు ఇంజినీరింగుకు వెళ్లి బెంగళూరు, హైదరాబాద్, అమెరికాల్లో స్థిరపడ్డారు. వాళ్ల బతుకు వాళ్లది, తప్పు పట్టను. కానీ ఆ నోటీసు చదవడానికి వాళ్లు తిరిగి రారు.

జీడి కార్ఖానాల్లో పిక్క కొట్టే ఆడవాళ్ల కూలీ తగువులు, డి-పట్టా భూముల తగువులు, వేటకెళ్లి తిరిగిరానివారి బీమా, ఇంటి పెద్ద పోయాక ఆస్తి పేరు మార్పు, ఇవన్నీ సోంపేట, పలాస, టెక్కలి కోర్టుల్లో, మండల ఆఫీసుల్లో రోజూ ఉండేవి. సాక్షి తన భాషలో చెప్పే మాటలో అసలు సంగతిని పట్టుకోవాలంటే ఆ బతుకు తెలిసిన చెవి కావాలి. డయాలసిస్ వరండాలో పేపరు చదివిన కుర్రాడికి ఆ చెవి ఉంది. లాసెట్‌లో వచ్చిన ర్యాంకు అతనికి ఆ చెవితో పాటు బుర్రా ఉందని చెబుతోంది. మెమో ఈ రెండింటిలో ఒక్కదాని గురించీ చెప్పదు.

నాకు ఇంకో కోరిక ఉంది, దాన్ని దాచుకోను. ఆ 45 శాతం గీత కూడా ఉండకూడదు. ఇంటర్ పాసవడానికి 35 చాలంటున్నది ప్రభుత్వమే. 36 వచ్చినవాణ్ని పాసైనట్టు రాసిచ్చి, అదే కాగితాన్ని చూపించి లా ప్రవేశ పరీక్షకు అర్హత లేదనడం ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడమే. వడపోత కోసం పరీక్ష ఉండనే ఉంది. అందులో నెగ్గనివాడికి సీటు ఎలాగూ రాదు. గీత ఎత్తేస్తే ప్రమాణాలు పడిపోతాయనేవాళ్లు పరీక్ష మీద తమకు నమ్మకం లేదని చెబుతున్నట్టే, నమ్మకం లేని పరీక్షతో సీట్లు పంచుతున్నందుకు వాళ్లే జవాబు చెప్పాలి. బార్ కౌన్సిల్ ఈ నిబంధన మార్చేదాకా గీత దగ్గర నిలిచిపోయిన పిల్లలకు ఇంప్రూవ్‌మెంటు పరీక్ష ఒక దారి, డిగ్రీలో 45 తెచ్చుకుని మూడేళ్ల లాకు రావడం ఇంకో దారి. బీసీలకు, ఎస్సీ ఎస్టీలకు అక్కడా అదే తగ్గింపు ఉంది.

ఈ తగ్గింపు సంగతే మా జూనియర్ కాలేజీల్లో ఎవరూ పిల్లలకు చెప్పడం లేదు. ఉద్దానంలో ఎక్కువమంది బీసీలు. 432 వచ్చిన బీసీ అమ్మాయి 45 శాతం అన్న ఒక్క ముక్క విని, తాను లాసెట్‌కు పనికిరానని ఇంట్లో కూర్చుంటోంది. ఆ అమ్మాయి అర్హురాలే. క్లాట్‌లో మాత్రం బీసీలకు ఆ తగ్గింపు లేదు, 45 ఉండాలి. లాసెట్‌లో ఉంది. లెక్చరర్లు ఎవరి మెమో ఎంతో చూసి ఆపే బదులు, నోటిఫికేషన్ వచ్చిన వారంలోనే 400, 420, 450 దాటినవాళ్ల జాబితా రాసుకుని, కుల ధ్రువీకరణ పత్రం ఉన్నదీ లేనిదీ అడిగి, ప్రతి ఒక్కరిచేతా దరఖాస్తు పెట్టించండి. ర్యాంకు రానివాళ్లకు పోయేది రుసుము డబ్బు. ర్యాంకు వచ్చిన అమ్మాయిని కౌన్సెలింగుకు పంపడానికి ఇంట్లోవాళ్లు వెనకాడితే, వెళ్లి ఆ నాన్నతో మాట్లాడండి.